అక్కకు పెట్టని రొట్టె

మార్చి మొదటి ఆదివారం తెల్లవారకముందే మా అక్క హొన్నూరమ్మ రొట్టె చేసింది. గోధుమపిండి, నీళ్లు, చిటికెడు ఉప్పు, అంతే. ఆ రొట్టెలో పొంగేదేదీ కలపకూడదు. పిండిముద్దను అరచేత్తో తట్టి, పెనం మీద రెండు వైపులా కాల్చి, చల్లారాక తెల్లగుడ్డలో చుట్టింది. ప్రార్థన మందిరం తాళం తీసి, లోపలి గూట్లో పెట్టి, చీమలు పట్టకుండా గిన్నె కింద నీళ్లపళ్లెం పెట్టింది. మళ్లీ తాళం వేసి, ఐదున్నరకు సోలారు ప్లాంటు వ్యాను ఎక్కి పనికి వెళ్లిపోయింది. ఇదంతా నేను చూసి రాయడం లేదు. ప్రతి నెలా ఆమె చేసే పని అదే. ఆ రోజు కూడా నేను వెళ్లేసరికి గూట్లో రొట్టె ఉంది. అలాగే చేసి ఉంటుంది.

నెల మొదటి ఆదివారం రొట్టె విరిచి, ద్రాక్షరసం తాగి, ప్రభువు మరణాన్ని తలచుకునే ఆచారాన్ని మా సంఘంలో బల్ల అంటాం. ఆ సంఘానికి పాస్టరును నేనే. రొట్టె విరిచి అందరికీ పంచేదీ నేనే. దాన్ని చేసిన మనిషికి మాత్రం ఏడు నెలలుగా పెట్టలేదు. ఆమె చేసిన తప్పు, ఆదివారం పనికి పోవడం. నేను నియమం పెట్టాను, ఆ నియమం మా అక్క మీదే మొదట పడింది. నేను దాన్ని ఎత్తేస్తానో, ఆమే ఒప్పుకుని వస్తుందో అని సంఘమంతా ఏడు నెలలు చూసింది. రెండూ జరగలేదు.

మా ఊరు పావగడ వైపు, కన్నడ తెలుగు సరిహద్దులో, వెంకటమ్మనహళ్లికి దగ్గర. మావాళ్లు గొర్రెలు కాచినవాళ్లు. మా నాయన ముత్యాలప్పకు అరవై గొర్రెలుండేవి. అక్క ఏడేళ్లప్పుడే మందతో బీడుకు పోయింది. నేను బడికి పోయాను. వై.ఎన్. హొసకోట హైస్కూలుకు పోయే బస్సు దాకా నన్ను తోడుకొని వచ్చి, బస్సు కదిలాక మందవైపు తిరిగి పోయేది. ఆమెకు అక్షరం రాదు. నేను తెలుగూ కన్నడమూ చదివి, తర్వాత రెండింటిలోనూ వ్యాసాలు రాసేవాణ్ణి అయ్యానంటే, ఆ బస్సు దాకా వచ్చిన కాళ్లు ఆమెవి.

అక్కను కళ్యాణదుర్గం వైపు దొడ్డయ్య అనే ఆయనకు ఇచ్చారు. నాలుగేళ్లకే ఆయనకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. సరిహద్దు అవతల మిషను ఆసుపత్రిలో నలభై రోజులు పెట్టుకుంది. చనిపోయే ముందురోజు ఒక నర్సమ్మ గోరువెచ్చని నీళ్లు తెచ్చి ఆయన కాళ్లు కడిగిందట. మీకెందుకమ్మా ఈ పని అని అక్క అడిగితే, మా ప్రభువు కూడా శిష్యుల కాళ్లు కడిగినాడు, నేనెంత అందట. దొడ్డయ్య బతకలేదు. అక్క మాత్రం ఆ ప్రభువును పట్టుకునే పుట్టింటికి వచ్చింది. మొగుణ్ణి బతికించని దేవుడు నీకెందుకే అని ఊళ్లో ఆడవాళ్లు దెప్పారు. “బతికిస్తాడని కాదు, కాళ్లు కడిగినాడని నమ్మినా,” అనేది. నేను బైబిలు శిక్షణలో రెండేళ్లు పాఠాలు విన్నాను. ఆ మాటకన్నా సూటిగా చెప్పిన గురువు ఒక్కరూ గుర్తు రారు.

బాప్తిస్మం ఇచ్చినప్పుడు అప్పటి పాస్టరు ఆమెకు రూతు అని పేరు పెట్టబోయాడు. హొన్నూరు స్వామి దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని మా అమ్మ పెట్టిన పేరు హొన్నూరమ్మ. అది విశ్వాసికి తగదని ఆయన అభిప్రాయం. “రేషన్ కార్డులో హొన్నూరమ్మ అనే ఉండాదయ్యగారూ, దేవుడు గూడా దాన్నే చూసుకుంటాడులే,” అని నీళ్లలో నిలబడే చెప్పింది. గట్టుమీద వాళ్లంతా నవ్వారు. నేను మాత్రం శిక్షణలో చేరగానే రామాంజి అనే పేరు తీసేసి ఆమోసు అని పెట్టుకున్నాను. గొర్రెలు కాచిన ప్రవక్త పేరు కదా అని. ఆ రెండేళ్లూ నన్ను పోషించింది వేరుశనగ చేలల్లో అక్క చేసిన కూలి. తిరిగి వచ్చి పాస్టరునయ్యాక అందరూ అయ్యగారు అన్నారు. ఆమె ఒక్కతే రామాంజీ అని పిలిచేది. సంఘం ముందు అలా పిలవొద్దని ఒకసారి చెప్పాను. సరేనని, ఆ తర్వాత సంఘం ముందు నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు.

సోలారు వచ్చాక చుట్టూ చేలు కంచెల్లోకి పోయాయి. పొలాలున్నవాళ్లు కౌలుకు ఇచ్చుకున్నారు. మాకున్నది మంద ఒక్కటే, మంద తిరిగిన బీడు కంచె అవతలికి పోయింది. గొర్రెలు అమ్మేశాం. అక్క ప్యానెళ్లు కడిగే పనిలో చేరింది. పొడవాటి కర్రకు స్పాంజి కట్టుకుని, ట్యాంకరు పైపుతో నీళ్లు చల్లుతూ, వరుస వెంట వరుస దుమ్ము తుడవాలి. ఎండ ముదిరాక కడిగితే అద్దం పగులుతుందని పని చీకటితోనే మొదలవుతుంది. వాన పడిన రోజు పని ఉండదు, వానే కడిగేస్తుంది. ఎండకు ఆదివారం ఉండదు కాబట్టి దుమ్ముకూ ఉండదు. వారానికి ఒక రోజు సెలవు. దాన్ని వాళ్లు వీకాఫ్ అంటారు. ఆ రోజు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి.

వ్యాను నడిపే నాగరాజ ఒకసారి ఆమెను ఆటపట్టించాడట. “ఏమక్కా, మీ దేవుడు ఆరు దినాలు పని చేసి ఏడో దినం కూచున్నాడంటారే, నిన్నెందుకు కూచోనీడు?” అని. “ఎండను పుట్టించే పని ఆయనది, అయిపోయింది. తుడిచే పని నాది, యాడ అయిపోతాదప్పా,” అని ఆమె అందట. వ్యానంతా నవ్విందని ఆమే వచ్చి నాకు చెప్పింది. నేను నవ్వలేదు. దేవుని విశ్రాంతి మీద హాస్యమా అనుకున్నాను.

సోలారు పనులతో మా ఆదివారం ఆరాధన పలచబడింది. ముప్పై మంది కూర్చున్న చోట పన్నెండు మంది మిగిలారు. కిందటి జులైలో నేను బెంగళూరు వెళ్లి మూడు రోజుల తరగతిలో కూర్చున్నాను. విశ్వాసం అంటే ఆరాధనలోనే కాదు, పొలంలో, బడిలో, వంటింట్లో, కళల్లో ఎలా బతకాలి అన్నది పాఠం. నాకు చాలా నచ్చింది. వచ్చి మా మాసపత్రికకు ఒక వ్యాసం రాశాను. చేసే పని ఏదైనా దేవుని ముందు బలిపీఠమే అని రాశాను. ప్యానెళ్లు తుడిచే ఒక స్త్రీని ఉదాహరణగా తీసుకున్నాను. ఆమె స్పాంజి కర్ర యాజకుని ధూపార్తికి తక్కువ కాదు అన్న వాక్యం బాగుందని ముగ్గురు ఉత్తరాలు రాశారు. ఆ స్త్రీ మా అక్క అని ఎక్కడా రాయలేదు. రాసినదాన్ని ఆమెకు చదివి వినిపించనూ లేదు.

ఆ వ్యాసం ఆగస్టులో అచ్చయింది. ఆ ఆగస్టు మొదటి ఆదివారమే నేను నియమం ప్రకటించాను. రోగం లేకుండా వరసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రానివాళ్లకు బల్ల లేదు. తిరిగి తీసుకోవాలంటే సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. ఈ రెండూ ఒకే చేత్తో ఒకే నెలలో రాశాను, రెంటికీ పొత్తు కుదరదని నాకు తట్టలేదు.

కుర్రవాళ్లను దారికి తేవడానికే అనుకున్నాను. హాజరు పుస్తకం రాసే దేవరాజు మా సంఘ పెద్ద, సూటిగా మాట్లాడే మనిషి. అతను పుస్తకం తిప్పి, జూన్ నుంచి ఒక్క ఆదివారమూ రానిది అక్కయ్యే కదయ్యగారూ అన్నాడు. మీ ఇంటి నుంచే మొదలుపెడితే ఇంక ఎవరూ నోరెత్తరు అని కూడా అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట తియ్యగా అనిపించింది. సొంత అక్కను కూడా వదలని పాస్టరు. అది వినడానికి ఎంత బాగుందో ఇప్పుడు తలచుకుంటే ఎక్కడ తల దాచుకోవాలో తెలియడం లేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని రాగులు చెరుగుతోంది. అంతకుముందు ఆమెకు ఆదివారమే సెలవుండేది, జూన్ నుంచి ఎందుకు మారిందని అడిగాను. డ్యూటీ మారింది అని మాత్రం చెప్పింది. అప్పుడు నియమం సంగతి చెప్పాను. చేట పక్కన పెట్టింది.

“ఆరాధన మాపటేళ పెట్టుకుంటే కాదా రామాంజీ? నేనే కాదు, ఇంగా నలుగురు వస్తారు.”

ప్రభువు లేచింది ఆదివారం ఉదయం, అందుకే సంఘం ఉదయం కూడుకుంటుంది అని వివరించాను.

“లేచింది పొద్దున్నేలే. రొట్టె విరిచింది మాపటేళ గదప్పా? దానికి రాత్రి భోజనం అనే కదా మీరు పేరు పెట్టింది?”

 నేను కోపం తెచ్చుకున్నాను. నాకు వాక్యం నేర్పొద్దు అన్నాను. అక్షరం రాని మనిషితో ఆ మాట అన్నాను. ఆమె మళ్లీ చేట అందుకుంది. సంఘం ముందు ఒక్క మాట, తప్పయింది అని చెబితే చాలు, అంతటితో పోతుంది అని నేనే మెత్తబడి చెప్పాను.

“తప్పని నా మనసుకు రాలేదప్పా. రానిదాన్ని వచ్చిందని చెబితే అది అబద్ధమైతాది. అబద్ధం చెప్పి బల్ల తినమంటావా?”

సెప్టెంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున వాన మొదలైంది. మా వైపు వాన అంటే పండగే. తొమ్మిదిన్నరకు కూడా ఆగలేదు. పని లేదని వ్యాను అందరినీ వెనక్కి తెచ్చి దింపింది. ఆరాధన మొదలైన కాసేపటికి అక్క వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది, ముఖమంతా నవ్వు. మూడు నెలల తర్వాత వచ్చిందని ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. అందరికన్నా గట్టిగా పాడింది.

రొట్టె విరిచాను. ఉదయం ఆమే చేసి గూట్లో పెట్టి పోయిన రొట్టె. పళ్లెం పట్టుకుని ఆడవాళ్ల వరుస వెంట వచ్చాను. ఆమె కుడి అరచేయి చాపింది, కింద ఎడమ చేయి ఆనించింది. వాన తెచ్చింది కదా, ఈ రోజు వచ్చాను కదా, పెడతాడు అనుకుని ఉంటుంది. లేదా ఏమీ అనుకోకుండా ఎప్పటిలాగే చాపి ఉంటుంది. దేవరాజు వెనకనుంచి చూస్తున్నాడని నాకు తెలుసు. నేను పళ్లెం పక్కనున్న ముసలి ఓబక్క ముందుకు జరిపాను. ఓబక్కకు చూపు సరిగా ఆనదు. ఏం జరిగిందో తెలియక ముక్క తీసుకుని స్తోత్రం అంది. అక్క చాపిన చేతిని వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే తలమీది కొంగు సర్దుకుంది. కొంగు జారలేదు. సర్దుకోవలసిన పనే లేదు.

ఆరాధన అయ్యాక ఆమే మందిరం ఊడ్చింది. వాన ఇంకా పడుతోంది. గొడుగు ఇవ్వమంటావా అని అడిగాను. ఎంత దూరమప్పా అంది.

ఇంక రొట్టె ఆమె చేయదనుకున్నాను. అక్టోబరులో మొదటి ఆదివారానికి నా భార్య మంజుశ్రీని చేయమన్నాను. పొద్దున తాళం తీస్తే గూట్లో తెల్లగుడ్డ మూట ఉంది. ఇంటికి తిరిగి వచ్చి చెబితే మంజుశ్రీ పిండి చేతులతోనే నిలబడి అడిగింది. “ఆమెకు పెట్టని రొట్టె ఆమె చేతనే చేపిస్తారా?”

చేయడం సేవ, పుచ్చుకోవడం సహవాసం, రెండూ వేరు అని చెప్పాను.  మంజుశ్రీ కలిపిన పిండితో మాకు చపాతీలు చేసింది. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, నాలుగు నెలలూ గూట్లో రొట్టె ఉంది. క్రిస్మస్ నాడు అక్క పనికి పోయింది, సాయంత్రం మా ఇంటికి వచ్చి పిల్లలకు బెల్లం ఉండలిచ్చింది. నియమం గురించి ఒక్క మాట లేదు. ఆమె అడిగితే బాగుండునని నేను కాచుకుని ఉన్నాను. అడిగితే కనికరించడానికి నాకు వీలవుతుంది. ఆమె అడగలేదు.

మార్చి ఆదివారం నేను ఆరాధన కోసం ఫోను ఆపేశాను. పదకొండు దాటాక రొట్టె పంచుతుండగా తలుపు దగ్గర వ్యాను నాగరాజ కనిపించాడు. అతను మా విశ్వాసి కాదు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ రానివాడు వచ్చాడని నాకు లోపల సంతోషమైంది కూడా. అందరికీ రొట్టె, రసం పంచి, చివరి ప్రార్థన ముగించి, ఆమేన్ అన్నాక అతను దగ్గరికి వచ్చాడు.

“హొన్నూరక్క పోయిందన్నా. ట్యాంకరు కాడ ఎనిమిదిన్నరకు పడిపోయె. పావగడ ఆసుపత్రికి తీసుకపోయేలోగానే అయిపోయె. ఫోను చేస్తే తగల్లేదు.”

ఇంతసేపు ఎందుకు నిలబడ్డావని అడిగాను. పూజ మధ్యలో చెప్పకూడదేమో అనుకున్నా అన్నాడు. నా నోట్లో ఆమె చేసిన రొట్టె రుచి ఇంకా ఉంది.

శవాన్ని సాయంత్రం తెచ్చారు. తోటి పనివాళ్లు పాతిక మంది ఆ వ్యానులోనే వచ్చారు. దేవరాజు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, బల్ల ఆపిన మనిషికి సంఘం తరపున సమాధి ప్రార్థన చేయొచ్చా అయ్యగారూ, రూలు ఏంది అని అడిగాడు. అతను చెడ్డవాడు కాడు. నేను చేసిన రూలునే నన్ను అడిగాడు. ప్రార్థన నేనే చేస్తాను, సంఘం తరపునే చేస్తాను అన్నాను. సరే అన్నాడు. ఒక్క క్షణం కూడా పట్టలేదు. రూలు మార్చడానికి ఎంత పడుతుందో అప్పుడు చూశాను. ఆమె కోసం మార్చాను, ఆమెకు అందనప్పుడు మార్చాను.

సమాధి దగ్గర ఆమె గురించి నాలుగు మాటలు చెప్పబోయి, ప్యానెళ్లు తుడిచే పని కూడా బలిపీఠమే అన్న నా వ్యాసంలోని వాక్యం నోటిదాకా వచ్చింది. మింగేశాను. మంజుశ్రీ నావైపు చూడడం లేదు.

నియమం తీసేశాం. ఏప్రిల్ నుంచి బల్ల ఆదివారం సాయంత్రం ఆరింటికి పెడుతున్నాం. కొత్తగా ఎవరినీ బతిమాలలేదు. మొదటి నెలలోనే ఏడుగురు ఎక్కువ వచ్చారు, అందరూ సోలారు పనివాళ్లే. రొట్టె మంజుశ్రీ చేస్తోంది. అక్క చేసినంత పలచగా రాదు.

ఏప్రిల్ చివర అంజినమ్మ అనే ఆవిడ మా ఇంటికి వచ్చింది. అక్కతో ఒకే వరుసలో ప్యానెళ్లు కడిగిన మనిషి. వెంట పదకొండేళ్ల కూతురు రక్షిత ఉంది. లోపలికి రమ్మంటే గడప దగ్గరే కూర్చుంది. రక్షిత పోయిన జూన్‌లో ఆరో తరగతికి ప్రభుత్వ హాస్టలు బడిలో చేరిందనీ, అక్కడ తల్లిదండ్రులను ఆదివారమే చూడనిస్తారనీ చెప్పింది. చేరిన కొత్తలో పిల్ల అన్నం తినకుండా ఏడ్చిందట. అంజినమ్మకు వీకాఫ్ మంగళవారం.

“అక్క తన ఆదివారం నాకిచ్చి నా మంగళవారం తీసుకున్నె. వద్దక్కా, నీకు గుడి ఉండాది గదా అంటిని. బిడ్డ ఏడుస్తా ఉంటే గుళ్లో నాకు పాట వస్తాదా అనె. మీకు తెలుసనుకుంటి అన్నా.”

తెలియదన్నాను. ఎందుకు చెప్పలేదో నీకేమైనా తెలుసా అని అడిగాను. 

“బల్ల ఆపినారని తెలిసి, పోయి చెప్పక్కా అని నేనే పోరుపెట్టినా. చెబితే వాడు రూలు తీసేస్తాడు, అక్క అని తీసినాడని నలుగురూ అంటారు, వానికెందుకు తలవంపు అనె.”

 ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, హాస్టలు సెలవులు ఎప్పుడిచ్చారని పిల్లను అడిగాను. ఏప్రిల్ పదిన అని రక్షిత చెప్పింది. ఆ సెలవుల రెండు నెలలూ ఆదివారం మళ్లీ అక్కదే అని వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారట. ఆమె పడిపోయిన రోజుకు, ఆ ఆదివారం తిరిగి ఆమెకు రావడానికి ఇంకా ఐదు ఆదివారాలు ఉన్నాయి.